మొండితనము వెనుక మూగబాధ

(గోల్నాకలో కుటుంబ కూడికయందు చేసిన ప్రసంగ పాఠము)



మన అధ్యక్ష మండలమునకు నూరేండ్లు నిండిన ఈ సమయమున గతించిన పెద్దలను స్మరించుకొనుట న్యాయమే. అయితే రాబోవు నూరేండ్లు సంఘభారము మోయవలసినవారు నేడు మన చాపలమీద కూర్చుండి అల్లరి చేస్తున్న పిల్లలే. వారిని గూర్చి ఏ ఇంటికి వెళ్ళినా మాకు వినవచ్చే మాట ఒక్కటే: "అయ్యగారూ, వీడు మాట వినడండి, మీరైనా ప్రార్థన చేయండి." ప్రార్థన తప్పక చేస్తాము. దానితోపాటు మూడు సంగతులు అడుగుతాము. వాడు మాట విననిది ఏ వేళ? ఎవరి దగ్గర? దానికి ముందు ఏమి జరిగినది?

మేము ఎరిగిన పదేండ్ల బాలుడొకడు సండేస్కూలులో ప్రతివారము ప్రక్కవానిని గిల్లేవాడు. ఉపాధ్యాయురాలు బయటికి పంపేవారు. ఇంటికి కబురు వెళ్ళేది, తండ్రి కొట్టేవాడు. అయినా మరుసటి వారము అదే పని. కొన్నాళ్ళకు ఆమె ఒకటి గమనించారు: వాక్యము చదివే వంతు తనకు రాబోయే ముందు మాత్రమే వాడు గిల్లుతున్నాడు. ప, వ, ష అక్షరములు వాని కంటికి ఒక్కటిగానే తోస్తున్నవి. పదిమందిలో నవ్వులపాలు కావడముకన్న బయటికి పోవడమే వానికి మేలు. మనము శిక్ష అనుకొన్నది వానికి విడుదల! వాక్యము ముందుగా నోటికి నేర్పి చెప్పించిన తరువాత గిల్లుట తగ్గినది. చదువులో ఇట్టి ఇబ్బందిని 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము కూడా గుర్తించినది. అది సోమరితనము కాదు.

పిల్లలు బాధను మాటలతో చెప్పలేరు, నడతతో చెబుతారు. ఇంట రాత్రివేళ కేకలు, తండ్రి త్రాగుడు, క్రొత్తగా పుట్టిన చెల్లెలు, బడిలో ఎగతాళి — ఇవన్నీ పలక పగులగొట్టడములోనో, అబద్ధములోనో బయటపడతవి.

శరీరమును కూడా మరువరాదు. మనకు దగ్గరలో, తార్నాకలో, విశ్వవిద్యాలయము చెంత జాతీయ పోషకాహార సంస్థ ఉన్నది. 1918లో కూనూరులో చిన్నగా మొదలై 1958లో హైదరాబాదుకు వచ్చినది. మనిషి తినే తిండికి, వాని బలమునకు గల సంబంధము అక్కడ పరిశోధిస్తారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము తెలంగాణలో అయిదేండ్లలోపు పిల్లలలో నూటికి 70 మందికి రక్తహీనత ఉన్నది. రక్తము తక్కువైన బిడ్డ త్వరగా అలసిపోతాడు, చిరాకుపడతాడు, పాఠముమీద మనసు నిలుపలేడు. బడి వయసు బిడ్డకు రాత్రి తొమ్మిది గంటలైనా నిద్ర కావాలి. అర్ధరాత్రి దాకా సెల్‌ఫోను చూచినవాడు ఉదయము మొండికెత్తితే ఆశ్చర్యమేమున్నది?

1 రాజులు 19వ అధ్యాయములో ఏలీయాను చూడండి. బదరీవృక్షము క్రింద పడి, బ్రదుకే వద్దన్నాడు. దూత అతనిని గద్దించలేదు. రొట్టె పెట్టాడు, నీళ్ళిచ్చాడు. మరల నిద్రపోనిచ్చి, రెండవసారి కూడా పెట్టాడు. ప్రశ్న అడిగినది ఆ తరువాత, హోరేబులో. ప్రవక్తకే దేవుడు ఆ వరుస పాటిస్తే పసివారికి మనము పాటించరాదా?

"మొక్కై వంగనిది మానై వంగునా" అంటారు పెద్దలు. నిజమే. కాని మొక్క ఒరిగితే తోటమాలి మొదట వేరు చూస్తాడు, నీరు చూస్తాడు, ఆ తరువాత ఊతకర్ర పాతుతాడు. సామెతల గ్రంథములో బెత్తమున్నది గదా అని కొందరు అడుగుతారు. కాపరి చేతిలోని దుడ్డుకర్ర గొర్రెకు ఆదరణ అని కీర్తనకారుడు అన్నాడని మరువకండి. పౌలు సైతము ఎఫెసీయులకు వ్రాస్తూ పిల్లలకు విధేయత బోధించిన వెంటనే, వారికి కోపము రేపవద్దని తండ్రులను హెచ్చరించాడు. బడిలో పిల్లలను కొట్టుటను, మనసు నొప్పించుటను 2009 నాటి విద్యాహక్కు చట్టము 17వ సెక్షను నిషేధించినది.

కారణము తెలిసికొనుట గారాబము కాదు. గిల్లుట తప్పని ఆ బాలునికి చెప్పవలసినదే, ప్రక్కవానికి క్షమాపణ చెప్పించవలసినదే. అయితే కారణము తెలిసినవాని మందలింపు మందువలె పనిచేస్తుంది, తెలియనివాని దెబ్బ పుండుమీద పడుతుంది.

కనుక ఒక్క వారము ఇట్లు చేయండి. నోటుపుస్తకములో మూడు గీతలు గీయండి: ముందు ఏమి జరిగినది, బిడ్డ ఏమి చేశాడు, తరువాత వానికి ఏమి దొరికినది. వారము తిరిగేసరికి కొంతైనా తెలుస్తుంది. మాట, నడక ఆలస్యమైనా, వయసుకు తగిన ఎదుగుదల లేకపోయినా సిగ్గుపడి దాచకండి. డాక్టరుకు చూపండి. బోయినపల్లి మనోవికాస నగర్‌లో అట్టి పిల్లలకొరకే 1984లో నెలకొల్పబడిన జాతీయ సంస్థ ఉన్నది.

శిష్యులు అడ్డగించిన పిల్లలను ప్రభువు దగ్గరకు పిలిచాడు. అల్లరి చేస్తున్నారని మనము మందిరము వెలుపలికి పంపిన బిడ్డ ఒకనాడు తిరిగి రాకపోవచ్చును. వానిని పంపివేయకమునుపు ప్రక్కన కూర్చుండి, "ఏమైంది నాన్నా?" అని అడుగుదము. జవాబు వచ్చేవరకు ఓపిక పట్టుదము. అట్టి ఓపిక ప్రభువు మనకందరకు అనుగ్రహించును గాక.