వెదకేవారి మాటలే మన పేజీలో ఉండాలి



మన సంఘం వెబ్‌సైటులో సర్క్యులర్లకు కొదవలేదు. అవి అవసరమైనవారికి దొరుకుతున్నవా అన్నదే ప్రశ్న.

ఈ భిలాయ్ కర్మాగారం తయారుచేసే పట్టాలను కాపాడే కార్మికుణ్ణి రైల్వేశాఖ నేడు ‘ట్రాక్ మెయింటైనర్’ అంటున్నది. ఆయన మాత్రం తాను ‘గ్యాంగ్‌మన్’ననే చెప్పుకుంటాడు, వెదకేటప్పుడూ ఆ మాటే కొడతాడు. 2001 నిబంధనలు తపాలాశాఖ ‘ఇ.డి.’ ఉద్యోగులను ‘గ్రామీణ డాక్ సేవకులు’గా మార్చినవి. (పేరు మారినంతగా బతుకు మారలేదన్నది వేరే సంగతి.) కనుక శీర్షికలో, తొలి వాక్యంలో పాత కొత్త పేర్లు రెండూ ఉండవలెను.

‘ముఖ్య ప్రకటన’ అని ఎవరూ వెదకరు. ‘పెన్షన్’ అన్న ఒక్క మాటకు దేశమంతటి పేజీలు బారులు తీరుతవి. ‘గ్యాంగ్‌మన్ భార్యకు కుటుంబ పెన్షన్, దరఖాస్తు విధానం’ అన్నప్పుడే, భర్తను కోల్పోయిన సోదరికి మన పేజీ కంటబడే అవకాశమున్నది. ‘పింఛను’ అనేవారినీ మరువరాదు. ఇక్కడ హిందీ బడులలో చదివిన మన పిల్లలు పలువురు తెలుగు మాటను ఇంగ్లీషు అక్షరాలతో కొడతారు. ఆ రూపమూ ఒకచోట ఉంచవలెను. అయితే ఒకే మాటను ఇరవైసార్లు దట్టించరాదు. గూగుల్ దానిని మోసంగా పరిగణిస్తుంది.

ఈ మాటలను ఆఫీసులో కూర్చుండి ఊహించనక్కరలేదు. పట్టాల వద్ద, సబ్‌పోస్టాఫీసులో సభ్యులడిగిన ప్రశ్నలను, దిద్దకుండా, వారి మాటలలోనే వ్రాసి ప్రతి శాఖా పంపవలెనని కోరుతున్నాము.