అయస్కాంతం ఇంట్లో పెట్టి రండి

ఈ సభ కార్యదర్శి గారు నన్ను పరిచయం చేస్తూ హోటళ్లకు వంటిళ్లు కట్టే ఇంజనీరు అన్నారు. కట్టేది మేస్త్రీలండీ. నేను కొలతలు వేసిస్తాను. ఆ కొలతల్ని ఓనర్లు మార్చేస్తారు. ఆరు నెలలు పోయాక పొగ తిరగబడుతోందని మళ్లీ నాకే ఫోన్ చేస్తారు. ముప్పై ఏళ్లుగా నా బతుకు ఇదే.

ఈ హాల్లో సగం మంది ఎందుకొచ్చారో నాకు తెలుసు. ఇంట్లో కొడుకో అల్లుడో ఉద్యోగం మానేసి కర్రీ పాయింట్ పెడతానంటున్నాడు. పెట్టనివ్వండి. అటు యూనివర్సిటీ, ఇటు పోషకాహార సంస్థ, రోడ్డు పొడుగునా ల్యాబులు, మధ్యలో మెట్రో స్టేషన్. తార్నాకలో తినేవాళ్లకు కరువు లేదు. నా బాధల్లా ఆ అబ్బాయి సామాన్లు కొనడానికి బేగంబజార్ వెళ్లేటప్పుడు జేబులో అయస్కాంతం వేసుకెళ్తాడు, దాని గురించి.

నవ్వకండి. ఆ వెనక వరసలో నవ్విన పెద్దాయన దగ్గర కూడా ఒకటి ఉండే ఉంటుంది.

"అంటుకుంటే డూప్లికేట్, అంటుకోకపోతే ఒరిజినల్." ఈ మాట ఎవరు పుట్టించారో గానీ ఊరూరా పాకింది. బజారులో మనకు దొరికే స్టెయిన్‌లెస్ స్టీలు ముఖ్యంగా మూడు రకాలు: 304, 202, 430. 304లో 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి. నికెల్ ఖరీదు కాబట్టి 202లో దాన్ని తగ్గించి మాంగనీసు కలిపారు. 430లో నికెల్ ఊసే లేదు, క్రోమియం 16 నుంచి 18 శాతం. అయస్కాంతం అంటుకునేది ఈ 430కి. 304కి అంటుకోదు. 202కీ అంటుకోదు. బజారులో మిమ్మల్ని మోసం చేసేవాడు 304 ధర చెప్పి 202 అంటగడతాడు. ఆ రెండిటికీ తేడా మీ అయస్కాంతానికి తెలియదు! దొంగను వదిలేసి పక్కింటాయన్ని పట్టుకునే కుక్కను ఎవరైనా పెంచుకుంటారా?

ఒక కథ చెప్తాను. కార్యదర్శి గారు గడియారం చూస్తున్నారు, అయినా చెప్తాను.

పదిహేనేళ్ల కిందట ఒక రిటైర్డు ఉద్యోగి హబ్సిగూడ వైపు టిఫిన్ సెంటర్ పెడదామని నా దగ్గరికొచ్చారు. పెద్దమనిషి, పేరు అనవసరం. పాత రేడియో స్పీకర్లోంచి ఊడదీసిన గుండ్రటి అయస్కాంతం, దానికి ఒక దారం. ఏ కొట్టుకెళ్లినా డాక్టరు గుండె చూసినట్టు ప్రతి గిన్నెకూ దాన్ని ఆనించి, తల ఆడించేవారు. నేను సామాన్లు పెట్టుకునే ర్యాకులకు 430 చాలన్నాను. పొడి సరుకులు పెట్టే చోట దానికేం రోగం? ఆయన ఆనించారు, టక్కున పట్టుకుంది. "ఇనుము అమ్ముతారా?" అని కొట్టువాడి మీద లేచారు. ఇంకో కొట్టుకెళ్లి సింకు, పులుసు పోసుకునే పెద్ద గుండిగలు తీసుకున్నారు. అంటుకోలేదు కదా, మనసు నిండింది. బిల్లు మీద గ్రేడు రాయించుకోండి అంటే, "నా దగ్గర మ్యాగ్నెట్ ఉందిగా" అన్నారు.

ఎనిమిది నెలలకు ఆ సింకు నిండా గోధుమరంగు చుక్కలు. ఉప్పు, చింతపండు, రాత్రిపూట కడగడానికి బ్లీచింగ్ పౌడరు. ఉప్పులో, బ్లీచింగ్‌లో ఉండే క్లోరైడు స్టీలు పైపొరను పొడిచి గుంటలు చేస్తుంది. తక్కువ నికెల్ స్టీలు అక్కడ ముందు లొంగిపోతుంది. 304 కూడా అజేయం కాదు, బ్లీచింగ్ నీళ్లు రాత్రంతా నిలవుంచితే దానికీ గుంటలు పడతాయి. కానీ దాని కథ ఎనిమిది నెలల్లో ముగిసేది కాదు.

అసలు తమాషా ఆ తర్వాత. ఆయన దారంతో సహా నా ఆఫీసుకొచ్చి, నేను చేయించిన పిండి తొట్టి మూలకు అయస్కాంతం ఆనించారు. మెల్లగా పట్టుకుంది. "మీరు కూడానా!" అన్నారు. ఆ చూపు ఇప్పటికీ మర్చిపోలేను. ఏం చేయను? 304 రేకును వంచినా, సాగదీసినా, ఆ వంపు దగ్గర లోపలి స్ఫటికాల అమరిక మారి కాస్త అయస్కాంత గుణం వస్తుంది. రేకు చదునుగా ఉన్నచోట పట్టదు, మూల దగ్గర పడుతుంది. అదే షీటు ముక్క తెచ్చి, ఆయన కళ్లముందే వంచి చూపించాను. ఆయన నమ్మలేదు. వెంట వచ్చిన ఇంటర్ చదివే మనవడు నమ్మాడు. ఆ టిఫిన్ సెంటర్ ఇప్పటికీ నడుస్తోంది, ఇడ్లీ బాగుంటుంది. గల్లాపెట్టె పక్కన మేకుకు ఆ అయస్కాంతం ఇప్పటికీ వేలాడుతూనే ఉంది.

కాబట్టి బిల్లు మీద గ్రేడు రాయించుకోండి. అనుమానముంటే స్టీలు పరీక్షించే చుక్కల మందు దొరుకుతుంది. లేదా మిషనుతో చూసి శాతాలు చెప్పేవాళ్లున్నారు. పులుపు, ఉప్పు, తడి తగిలే చోట 304. మిగతా చోట డబ్బు మిగుల్చుకోండి. ఇంకొకటి: గేజి. అంకె పెద్దదైతే రేకు మందమనుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. 16 గేజి సుమారు 1.6 మిల్లీమీటర్లు, 20 గేజి 0.9. అంకె పెరిగేకొద్దీ రేకు పలచబడుతుంది. ఇది తెలియక 22 గేజి బల్ల కొనుక్కుని, దానిమీద గ్రైండరు ఎక్కించి, బల్ల కుంగిందని ఏడ్చినాయన ఒకరున్నారు. ఆ కథ వద్దులెండి.

స్టీలు సంగతి వదిలేద్దాం. ఎవరైనా వస్తే నేను మొదట అడిగేది ఒకటే: మీ కొట్టు ముందు జనం ఎక్కువగా నిలబడే గంట ఏది? హాస్టలు పిల్లలకు టిఫిన్ పెడితే పొద్దున ఎనిమిదీ తొమ్మిదీ మధ్య. కర్రీ పాయింట్ అయితే రాత్రి ఏడున్నర నుంచి. మిగతా ఇరవై మూడు గంటలు ఏ గిన్నెతోనైనా నెట్టుకురావచ్చు. సామాను కొనాల్సింది ఆ ఒక్క గంట కోసం.

లెక్క చూడండి. ఆ గంటలో 80 ప్లేట్ల ఇడ్లీ, ప్లేటుకు మూడు. మొత్తం 240. వాయి ఉడకడానికి పావుగంట, దింపి ఎక్కించడానికి ఐదు నిమిషాలు. గంటకు మూడు వాయిలు, వాయికి 80. అంటే 80 ఇడ్లీల పాత్ర చాలు. కానీ మనవాడు ఏకంగా 240 ఇడ్లీల పెట్టె కొంటాడు, ఒకే వాయిలో అయిపోతుందని. ఎనిమిదింటికి దింపిన ఇడ్లీ ఎనిమిదీ యాభైకి వచ్చినవాడి ప్లేటులో ఎలా ఉంటుందో చెప్పాలా?

కర్రీ పాయింట్ లెక్క వేరు. అన్నం జనం ఇంట్లో కుక్కర్లో వండుకుంటారు. మీ దగ్గరికి కూరలకొస్తారు. పది పన్నెండు రకాలు, ఒక్కోటి కొంచెం కొంచెం. కాబట్టి ఒక పెద్ద భట్టీ కన్నా నాలుగైదు చిన్న పొయ్యిలు నయం. అసలు ఖర్చు పెట్టాల్సింది కూరల్ని రెండు గంటలు 60 డిగ్రీల పైన నిలబెట్టే వేడినీళ్ల తొట్టి మీద. 5 డిగ్రీలకూ 60కీ మధ్య ఉన్న తిండి మనకన్నా సూక్ష్మజీవులకు బాగా నచ్చుతుంది. కొట్టు ముందు రంగురంగుల లైట్లకు పెట్టే డబ్బు ఆ తొట్టికి పెట్టిన ఓనరును నేను ఇంతవరకూ చూడలేదు.

ఇప్పుడు దోశ పెనం. ఇక్కడ మాత్రం బరువు మంచిదన్న పాతమాట నిజమే. అయితే ఎందుకు నిజమో తెలియాలి. మూడడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, 16 మిల్లీమీటర్ల మందం ఇనుప పెనం దాదాపు 70 కిలోలు తూగుతుంది. అదే 6 మిల్లీమీటర్లయితే 26 కిలోలు. ఎనిమిది దోశలు ఒకేసారి పోశారనుకోండి. ఆ పిండిలోని నీళ్లన్నీ పెనం వేడిని లాక్కుంటాయి. మందపు పెనం ఓ ముప్పై డిగ్రీలు దిగి మళ్లీ పుంజుకుంటుంది. పల్చటిది డెబ్బై ఎనభై డిగ్రీలు పడిపోతుంది. అప్పుడు దోశ అంటుకుంటుంది, మాస్టరు నూనె గుమ్మరిస్తాడు, ఓనరు మాస్టర్ని తిడతాడు. తప్పు పెనానిది. కానీ మందపు పెనం వేడెక్కడానికి అరగంట గ్యాసు తాగుతుంది. గంటకు పది దోశలమ్మే కొట్టుకు అది దండగ. మళ్లీ అదే ప్రశ్న: మీ గంట ఏది?

రాగి. ఈమధ్య రాగి పిచ్చి పట్టింది. మన హైదరాబాద్‌లో రాగి డేగుల్లో బిర్యానీ వండారు, నిజమే. లోపల తగరంతో కళాయి పూసి వండారు. ఆ మాట ఎవరూ చెప్పరు. తగరం 232 డిగ్రీల దగ్గర కరిగిపోతుంది. దమ్ముకు భయం లేదు, లోపల నీళ్లుంటాయి. అదే డేగులో ఎవరైనా నూనె కాచి ఉల్లిపాయలు ఎర్రగా వేయిస్తే కళాయి జారిపోతుంది. తర్వాత పెరుగు, నిమ్మరసం నేరుగా రాగికి తగులుతాయి. కళాయి వేసే మనిషి మీ వీధికొచ్చి ఎన్నేళ్లయింది? మనిషి దొరకనప్పుడు గిన్నె కొనకండి.

అల్యూమినియం మీద ఇంకో రకం పిచ్చి, ముట్టుకుంటే జబ్బంటారు. మన పక్కనే ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2024లో కొత్త ఆహార మార్గదర్శకాలు ఇచ్చింది. ఆ సంస్థ 1918లో కూనూరులో మొదలై, 1958లో ఇక్కడికొచ్చింది. మీలో చాలామంది దాని గేటు ముందు నుంచే రోజూ వెళ్తారు, లోపల ఏం చెప్పారో మాత్రం వాట్సాప్‌లో వెతుకుతారు. వాళ్లన్నది ఇది: పచ్చళ్లు, సాంబారు లాంటి పుల్లటివి అల్యూమినియంలో, ఇనుములో, కళాయి లేని రాగి ఇత్తడిలో నిలవుంచకండి. నిలవుంచొద్దన్నారు. అన్నం వార్చుకోవడానికి అల్యూమినియం గుండిగ వాడుతున్నారని భయపడి రెండు లక్షలు తగలేయకండి. పులుసు మాత్రం ఉడకగానే స్టీలులోకి మార్చండి.

పెద్ద వంట చేసేవాళ్లకు ఒక మాట. తిరుమల అన్నప్రసాదానికి 2002లో 106 సూర్యరశ్మి పళ్లాలు పెట్టి, ఆ వేడితో ఆవిరి పుట్టించి, రోజుకు పదిహేను వేల మందికి వండే ఏర్పాటు చేశారు. జనం ఎండను చూసి ఆశ్చర్యపోయారు. నేను ఆవిరిని చూసి సంతోషించాను. మంట వెయ్యి డిగ్రీల పైన ఉంటుంది, గుండిగ అడుగున ఎక్కడ తగిలితే అక్కడ మాడ్చేస్తుంది. రెండు గోడల గిన్నెలో ఆవిరి పంపితే, ఒత్తిడిని బట్టి నూట ఇరవై, నూట ముప్పై డిగ్రీల దగ్గర ఆగుతుంది. పప్పు అడుగంటదు. ఐదువందల మందికి పైగా రోజూ వండే మెస్సుకు ఇది గిట్టుతుంది. కర్రీ పాయింటుకు గిట్టదు. అయినా నన్ను బాయిలర్ అడిగినవాళ్లున్నారు.

చీటీ వచ్చింది. పది నిమిషాలట. అసలైనవన్నీ మిగిలిపోయాయి. గబగబా చెప్తాను.

పొగ గొట్టం. హోటలు వాడే నీలం సిలిండరులో 19 కిలోల గ్యాసు. అది పూర్తిగా మండితే సుమారు 30 లీటర్ల నీళ్లు ఆవిరై మీ వంటింట్లో చేరతాయి, యాభై ఏడు కిలోల బొగ్గుపులుసు వాయువు కూడా. మండడానికి దగ్గరదగ్గర 300 కిలోల గాలి కావాలి. రోజుకు మూడు సిలిండర్లు వాడే మెస్సులో గోడకు ఒక ఫ్యాను బిగించి ఊరుకుంటారు. బయటికి తోసే గాలికి బదులు లోపలికి గాలి ఎక్కణ్ణుంచి వస్తుంది? తలుపు సందులోంచి, లేదంటే డ్రైనేజీలోంచి! మంట పసుపుగా మారిందంటే, మాస్టరుకు తలనొప్పి అంటే, ముందు గాలి చూడండి. బర్నరు మార్చకండి.

గ్రైండరు. కోయంబత్తూరుది మంచిదే, భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. పది లీటర్లంటే పాత్ర కొలత, పది కిలోల బియ్యం పడతాయనుకోకండి. మన వీధుల్లో పైన ఓనర్లు కాపురముంటారు. తెల్లవారి నాలుగింటికి అది మొదలుపెడితే షాపు ఖాళీ చేయిస్తారు. కింద రబ్బరు వేయండి.

ఫ్రిజ్జు. అది చల్లగా ఉన్నదాన్ని చల్లగా ఉంచే పెట్టె. మరిగిన సాంబారు గుండిగతో సహా లోపల పెడితే చుట్టూ ఉన్న పాలు కూడా వేడెక్కుతాయి. వెడల్పాటి పళ్లాల్లో పోసి, చల్లార్చి పెట్టండి. దాని వెనక జానెడు ఖాళీ వదలండి. మన మే నెలలో పొయ్యి పక్కన ఫ్రిజ్జు పెట్టినవాడిని చూస్తే... సరే, వదిలేద్దాం.

నూనె. 2018 జులై నుంచి కాగిన నూనెలో, అది పాడయ్యేకొద్దీ పెరిగే పోలార్ పదార్థాలు 25 శాతం దాటకూడదని నియమముంది. కొలిచే పరికరం అరచేతిలో పడుతుంది. ఫ్రయ్యరుతో పాటే కొనండి. కర్రీ కవర్లు: 2022 చివరి నుంచి 120 మైక్రాన్లకు తక్కువ మందమున్న ప్లాస్టిక్ చేతి సంచులు ఇవ్వకూడదు. మరిగే రసాన్ని పల్చటి కవర్లో పోసి ముడేయడం చట్టం సంగతెలా ఉన్నా, చూస్తే నాకు వణుకొస్తుంది. మూతున్న డబ్బా ఇవ్వండి, రూపాయి ఎక్కువ తీసుకోండి.

చివరిది, నేల. ఇది అన్నిటికన్నా ముందు చెప్పాల్సింది. టైల్స్ వేయించే రోజు పొద్దున మీరే వెళ్లి, వంటింట్లో ఒక మూల బకెట్ నీళ్లు గుమ్మరించండి. మేస్త్రీ వాలు పెట్టానంటాడు. నీళ్లు జాలి వైపు పోతున్నాయా, ఫ్రిజ్జు పెట్టబోయే చోటికి పోతున్నాయా చూడండి. ఆ తర్వాత పొయ్యిలు దించితే ఇక సరిచేయలేరు.

ప్రశ్నలుంటే బయట చాయ్ దగ్గర అడగండి. ఎనిమిదింటికల్లా కుర్చీలు టెంట్ హౌస్‌కు తిరిగివ్వాలట.