వాట్సాప్‌లో వచ్చిన సెక్షన్

(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠము)



ఎన్నికల వేళ ప్రచారమయ్యే తప్పుడు సమాచారం గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు ఆదేశించారు. ఏ నాయకుడు ఏమన్నాడు, ఏ పార్టీ ఏమి చేసింది అన్న జోలికి నేను పోను. ఆ వాదనలు మనకు పార్కు బెంచీ మీద రోజూ ఉన్నవే. నేను చెప్పదలచినది ఓటు వేసే పద్ధతి గురించి పుట్టే అబద్ధాల సంగతి. నాయకుడి గురించిన అబద్ధాన్ని నమ్మితే ఓటు ఒకరికి బదులు మరొకరికి పడుతుంది. పద్ధతి గురించిన అబద్ధాన్ని నమ్మితే అసలు ఓటే పడదు.

2019లోను, మళ్ళీ 2024లోను తిరిగిన ఒక సందేశం మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. జాబితాలో పేరు లేకపోయినా ఆధార్ చూపించి సెక్షన్ 49ఎ కింద ఛాలెంజ్ ఓటు వేయవచ్చునట. మన ఓటు ఇంకెవరైనా వేసేస్తే టెండర్ ఓటు అడగాలట. బూత్‌లో టెండర్ ఓట్లు 14 శాతం దాటితే రీపోలింగ్ తప్పదట.

ప్రిసైడింగ్ ఆఫీసరుగా కొన్ని ఎన్నికలు చేసినవాడిని కనుక దీన్ని ఫైలు చూసినట్టు చూద్దాం. 1961 నాటి ఎన్నికల నిర్వహణ నిబంధనల్లో 49ఎ ఉన్నది. కాని అది ఓటింగ్ యంత్రం ఎలా ఉండాలో చెబుతుంది: కంట్రోల్ యూనిట్, బ్యాలెటింగ్ యూనిట్ వగైరా. ఛాలెంజ్ అన్నది 49జె. అది ఓటరు వేసే ఓటు కాదు, ఓటరు మీద పోలింగ్ ఏజెంటు లేవదీసే అభ్యంతరం. ఈ మనిషి ఆ మనిషి కాదు అని ఏజెంటు 2 రూపాయలు కట్టి అడిగితే అధికారి విచారిస్తాడు. టెండర్ ఓటు మాత్రం నిజమే, 49పి. జాబితాలో పేరుండి, ఆ పేరు మీద అప్పటికే ఎవరో ఓటు వేసేస్తే, గుర్తింపు తేల్చుకుని కాగితం బ్యాలెట్ ఇస్తారు. అది యంత్రంలోకి పోదు, విడిగా కవరులో ఉంటుంది, మామూలు లెక్కింపులో కలవదు. ఇక 14 శాతం అన్న అంకె ఏ నిబంధనలోనూ లేదు. వెయ్యిమంది ఓటు వేసిన బూత్‌లో 14 శాతమంటే 140 మంది. నా సర్వీసు మొత్తం మీద నా చేతులతో ఇచ్చిన టెండర్ బ్యాలెట్లు ఒక చేతి వేళ్ళకు మించవు!

అయినా జనం ఎందుకు నమ్మారు? 2018 డిసెంబరు తెలంగాణ శాసనసభ ఎన్నికల్లో చాలామంది బూత్ దాకా వెళ్ళి పేర్లు లేక వెనుదిరిగారు. ముఖ్య ఎన్నికల అధికారి క్షమాపణ కూడా చెప్పారు. ఆ పుండు ఆరకముందే ఈ సందేశం మందులా వచ్చింది.

మా వీధిలో ఒక పెద్దావిడ 2019 ఏప్రిల్ 11న ఆధార్ కార్డుతో, ఆ సందేశమున్న ఫోనుతో బూత్‌కు వెళ్ళి ఎండలో గంటన్నర నిలబడింది. కుదరదన్నారు. అధికారి మోసం చేశాడనే ఆమె ఇప్పటికీ అంటుంది. ముందే జాబితా చూసుకుని ఉంటే ఫారం 6 పెట్టుకోవడానికి వ్యవధి ఉండేది. సందేశమిచ్చిన ధీమా ఆ వ్యవధిని మింగేసింది. దానిని ఆమెకు పంపినది వరుసకు మరిది, రెవిన్యూలో రిటైరైన మనిషి. అందుకే నమ్మింది.

మన చిక్కంతా అక్కడే ఉంది. ఆఫీసులో పనిచేసిన పెద్దాయన పంపాడంటే ఆ ముక్కకు రబ్బరు స్టాంపు పడినట్టే. సర్వీసులో నంబరు, తేదీ, సంతకం లేని సర్క్యులర్ మీద మనం ఒక్క రూపాయి బిల్లు పాస్ చేశామా?

సంతకాలూ లెటర్‌హెడ్లూ సృష్టించేవారున్నారు, నిజమే. 2024 ఫిబ్రవరిలో కమిషన్ పేరిట ఒక బోగస్ షెడ్యూలు తిరిగింది. అసలు షెడ్యూలు మార్చి 16న విలేకరుల సమావేశంలో ప్రకటించారు. ఓటు వేయనివారి ఖాతాలోంచి 350 రూపాయలు కోస్తారన్నది ఇంకొకటి. ఒక పత్రిక హోలీకి సరదాగా వేసిన ముక్క, జోకు పోయి వార్త మిగిలింది. పెన్షను ఖాతా అనగానే మనకు గుండె దడ కదా!

అనుమానమొస్తే 1950కి ఫోను చేయండి. 2024 ఏప్రిల్‌లో కమిషన్ అపోహలకు జవాబులతో ఇంటర్నెట్‌లో ఒక రిజిస్టరు కూడా తెరిచింది, పిల్లల చేత చూపించుకోండి. ఓటరు కార్డు పోయినా దిగులు పడవద్దు. జాబితాలో పేరుంటే, 2024 ఎన్నికల్లో ఒప్పుకొన్న ఇతర గుర్తింపు పత్రాల్లో ఫోటో ఉన్న పెన్షను పత్రమూ ఉంది. 85 ఏళ్ళు దాటినవారికి ఆ ఎన్నికల్లో ఇంటివద్దనే ఓటు వేసే వీలిచ్చారు. నోటిఫికేషన్ వచ్చిన 5 రోజుల్లో ఫారం 12డి ఇవ్వాలి.

భోజనాలయ్యాక నేను, మా మనవరాలు ఆ కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చుంటాము. ఓటరు కార్డు నంబరు తెచ్చినవారికి జాబితాలో పేరున్నదీ లేనిదీ చూసిపెడుతుంది. కళ్ళజోళ్ళు మరువకండి. సెలవు.