వయసు మళ్ళాక బరువు తగ్గించే ఆపరేషన్ – ఓర్పు పనికిరాని చోటు

(సచిన్‌లో జరిగిన తెలుగు కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



యూనిఫారంలో ఉన్నన్నాళ్ళూ తెల్లవారుజామునే పీటీ ఉండేది. పెన్షన్ వచ్చాక ఇక్కడి జీఐడీసీలో సెక్యూరిటీ ఉద్యోగం, రోజంతా కుర్చీ. తిండి మాత్రం లంగరు నాటిదే! నడుము పెరుగుతుంది. వెనకాలే షుగరు, బీపీ, మోకాళ్ళ నొప్పులు వస్తాయి. అప్పుడెవరో చెప్తారు – "పొట్ట ఆపరేషన్ చేయించుకోండి సార్, అన్నీ పోతాయి" అని.

ఇది కొవ్వు పీల్చి తీసే లైపోసక్షన్ కాదు. స్లీవ్ ఆపరేషన్‌లో జీర్ణాశయాన్ని సుమారు 75-80 శాతం కోసి తీసేస్తారు. బైపాస్‌లో చిన్న సంచిలా చేసి పేగుకు కలుపుతారు. వయసు ఒక్కటే దీనికి అడ్డు కాదని 2022లో అంతర్జాతీయ సర్జన్ల సంఘాలు చెప్పాయి. షుగరు మందులు బాగా తగ్గినవాళ్ళూ ఉన్నారు. కాబట్టి వద్దని చెప్పడానికి నేను రాలేదు.

కానీ లెక్క తెలిసి దిగాలి. అమెరికా మెడికేర్ రోగులపై 2005లో వచ్చిన అధ్యయనంలో, ఆపరేషనైన 30 రోజుల్లో మరణించినవారు 65 దాటినవారిలో 4.8 శాతం, అంతకు చిన్నవాళ్ళలో 1.7 శాతం. లాపరోస్కోపీ పెరిగాక ప్రమాదం చాలా తగ్గింది. అయినా పెద్ద వయసులో ముప్పు ఎక్కువన్న మాట మాత్రం నిలిచే ఉంది. ఎందుకంటే గుండెకు, ఊపిరితిత్తులకు, కిడ్నీలకు అప్పటికి రిజర్వు బలగం తక్కువ.

ముఖ్యంగా మూడు ప్రమాదాలు. కుట్టు దగ్గర లీకై చీము పట్టడం. కాలిలో రక్తం గడ్డకట్టి ఊపిరితిత్తులకు చేరడం. గురకపెట్టి నిద్రలో ఊపిరి ఆగే జబ్బున్నవారికి మత్తు ప్రభావంతో ఆక్సిజన్ పడిపోవడం. వీటిలో ఏది వచ్చినా వెంటిలేటర్, బీపీ నిలబెట్టే మందులు, ఒక్కోసారి డయాలసిస్ కావాలి. అందరికీ ఐసీయూ అక్కర్లేదు. కానీ గుండె, కిడ్నీ జబ్బులు, నిద్రలో ఊపిరి ఆగే జబ్బు ఉన్నవారిని మొదటి రాత్రి కనిపెట్టి చూడాల్సిందే. ఇంట్లో సీపాప్ మిషన్ ఉంటే వెంట తీసుకెళ్ళండి.

ఇక అసలు మాట. లీకైతే పొట్ట పట్టుకుని విలవిల్లాడతారని అనుకుంటాం. పెద్దవాళ్ళలో నొప్పి అంతగా ఉండకపోవచ్చు, జ్వరమూ రాకపోవచ్చు. నాడి 120 దాటడం, ఆయాసం, ఒంట్లో ఏదో తేడాగా ఉందన్న కంగారు, మాట తికమక – ఇవే మొదటి హెచ్చరికలు. బీపీకి మెటోప్రొలాల్ లాంటి మందు వాడేవారిలో నాడి కూడా పెరగకపోవచ్చు. డిశ్చార్జి అయ్యాక కూడా ఇవి రావచ్చు. అందుకే మొదటి నెలంతా కనిపెట్టి ఉండాలి.

తర్వాతి జాగ్రత్తలు ఇంట్లోవాళ్ళు రాసుకోండి. షుగరు, బీపీ మాత్రలు పాత మోతాదులో కొనసాగించకూడదు, డాక్టరు మళ్ళీ నిర్ణయించాలి. రోజుల తరబడి వాంతులైతే విటమిన్ బీ1 తగ్గి మెదడు దెబ్బతింటుంది. మోకాళ్ళకు వాడే నొప్పి మాత్రలు సొంతంగా వేసుకుంటే పుండ్లు పడతాయి. ప్రొటీన్ తగ్గితే కండ కరుగుతుంది, కిందపడితే ఎముక విరుగుతుంది.

ఆపరేషన్‌కు ఒప్పుకునే ముందు మూడు ప్రశ్నలు అడగండి. రాత్రి రెండు గంటలకు ఐసీయూలో డాక్టరు ఉంటాడా? అప్పటికప్పుడు సీటీ స్కాన్ తీస్తారా? మళ్ళీ పొట్ట తెరవాల్సి వస్తే సర్జను ఎంతసేపట్లో వస్తాడు? ఇక్కడినుంచి సూరత్ నగరం సుమారు 15 కిలోమీటర్లు. ఏ ఆసుపత్రికి, ఏ బండిలో అన్నది ముందే అనుకోండి. ఈసీహెచ్ఎస్ కార్డున్నవారు ఎమర్జెన్సీలో దగ్గర్లోని ఆసుపత్రికే వెళ్ళొచ్చు. ఎంపానెల్ కాని చోటైతే 48 గంటల్లో పాలీక్లినిక్‌కు తెలియజేయాలి.

ఫౌజు మనకు ఓర్చుకోవడం నేర్పింది. "ఠీక్ హూఁ సాబ్" అనడం నేర్పింది. ఈ ఆపరేషన్ తర్వాత ఆ అలవాటే ప్రాణం తీస్తుంది. అమ్మా, ఆయన "నాకేం కాలేదు" అన్నా నమ్మకండి. నాడి పట్టి చూడండి. అనుమానమొస్తే తెల్లారేదాకా ఆగకండి.

జై హింద్.