ఉప్పునీటి తొట్టికి తోడుపెట్టుట

పహాడీ షరీఫ్ గుట్టమీది బాబా షర్ఫుద్దీన్ దర్గా మెట్లెక్కి చూచినచో, 2008లో తెరచిన శంషాబాదు విమానాశ్రయమున దిగు విమానములు కనిపించును. సముద్రమునకు వందల కిలోమీటర్ల దూరమున నున్న ఈ రాతినేలపైనను నేడు సముద్రపు చేపలను పెంచువారు గలరు. ఆ గుట్ట దిగువన నివసించు మా మిత్రులొకరు గాజుతొట్టిలో ఉప్పునీరు నింపి, మరునాడే ఐదు చేపలను వదలిరి. మేము వెళ్ళి చూచునప్పటికి నీరు అద్దమువలె తేటగా నుండెను. పదియవ దినమునకు ఒక్క చేపయు మిగులలేదు.

లోపమెచ్చట? చేపలు మొప్పలద్వారా అమోనియాను విడుచుచుండును. మిగిలిన మేత కుళ్ళినను అదియే పుట్టును. ఉప్పునీటికి కొంత క్షారగుణము గలదు గనుక, ఆ విషము అందు మరింత తీవ్రమగును. కంటికి మాత్రము కనబడదు. దానిని హరించునవి సూక్ష్మజీవులు. ఒక తెగ అమోనియాను నైట్రైటుగను, మరియొక తెగ ఆ నైట్రైటును అంతగా హానిచేయని నైట్రేటుగను మార్చును. 1890 ప్రాంతమున రష్యా శాస్త్రజ్ఞుడు వినోగ్రాడ్‌స్కీ ఇట్టి జీవులను వేరుచేసి చూపెను. ఇవి రాళ్ళను, ఇసుకను, వడపోత స్పంజిని అంటిపెట్టుకొని మెల్లగా వృద్ధిపొందును. ఇందులకు సాధారణముగా 4 నుండి 6 వారములు పట్టును.

మన ఇండ్లలో పాలకు తోడువేసి, పెరుగగువరకు కదపము గదా! ఇచ్చటను అంతే. ఆరోగ్యముగా నడుచుచున్న ఉప్పునీటి తొట్టినుండి తెచ్చిన రాయి మంచి తోడు. కుళాయినీటి క్లోరిను ఈ జీవులను చంపును, బోరునీటిలో అక్కరలేని లవణములుండును, కావున ఆర్.ఓ. నీరు మేలు. అందు లీటరునకు సుమారు 35 గ్రాముల సముద్రలవణము కలుపవలెను, వంటఉప్పు పనికిరాదు. నీటిని ఎడతెగక తిప్పుచు, చేపలకు మారుగా చిటికెడు మేత వేయవలెను. అది కుళ్ళి పుట్టిన అమోనియాయే ఆ జీవులకు ఆహారము. పరీక్షించుచుండగా మొదట అమోనియా, పిదప నైట్రైటు హెచ్చి తగ్గును. రెండును సున్నకు దిగి, నైట్రేటు కనిపించినప్పుడే తొట్టి సిద్ధమైనట్లు. అప్పుడు కొంత నీరు మార్చి, ఒకటి రెండు చేపలతో ప్రారంభింపవలెను. స్పంజిని కుళాయిక్రింద కడుగరాదు. తొట్టినుండి తీసిన నీటిలోనే పిండవలెను.

అంగళ్ళలోని సముద్రపు అలంకార చేపలలో అధికభాగము పగడపు దిబ్బలవద్ద పట్టి తెచ్చినవే. అంతదూరము బ్రతికి వచ్చిన ప్రాణి మన తొందరకు బలియగుట తగదు.

మా మిత్రులు మరల తొట్టి నింపిరి. చూడవచ్చిన పొరుగువారు, “చేపలేవండీ?” అని అడిగిరి. “వానికి ముందు రావలసినవారు వచ్చుచున్నారు” అని వారు బదులు చెప్పిరి. నలుబది దినములు ఆగి వదలిన రెండు చేపలును నేటికిని ఆ తొట్టిలో తిరుగుచున్నవి.