జ్వరంలో మాట తడబడితే
(తనకల్లులో భక్తులనుద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)



పురాణం చెప్పమని పిలిస్తే ఈ వృద్ధుడు రోగాల మాట ఎత్తుతున్నాడేమని కొందరికి తోచవచ్చు. కారణమున్నది. ఇంటిలో ఒకరు ఆసుపత్రిలో ప్రమాదస్థితిలో ఉన్నప్పుడు, మృత్యుంజయ జపానికి సంకల్పం చెప్పించుకొనడానికి బంధువులు నావంటి వారి వద్దకు వస్తారు. గోత్రనామాలు చెప్పిన తరువాత కన్నీళ్లతో అడిగే ప్రశ్న తరచుగా ఒకటే. "కాలివేలికి పుండయితే మూత్రపిండాలు ఎట్ల చెడిపోతాయి స్వామీ? జ్వరమని చేర్పిస్తిమి, ఊపిరితిత్తులు పనిచేయలేదంటారే!" ఎవరో ఏదో చేశారనే అనుమానం ఆ ప్రశ్నలో దాగి ఉంటుంది. జరిగినది చాలావరకు శరీరం లోపలనే జరుగుతుంది. దానిని వైద్యులు సెప్సిస్ అంటారు.

సూక్ష్మజీవి ఒంటిలో ప్రవేశించగానే రక్షకకణాలు దానిని ఎదిరిస్తాయి. సాధారణంగా ఆ పోరు పుండు ఉన్నచోటనే ముగిసిపోతుంది. కొందరిలో మాత్రం అదుపు తప్పి దేహమంతటా వ్యాపిస్తుంది. దొంగను తరమబోయినవారు తమ గడ్డివాములకే నిప్పంటించినట్లు, కాపాడవలసిన శక్తియే స్వంత అవయవాలను దెబ్బతీస్తుంది. 2016లో అంతర్జాతీయ వైద్యనిపుణులు సెప్సిస్‌కు ఇచ్చిన నిర్వచనం సారం ఇదే.

తరువాతి కథ మన సీమవారికి నీటి భాషలో చెబితే సులభంగా తెలుస్తుంది. చెరువు తూము తెరిచినప్పుడు కాలువ గట్లు గట్టిగా ఉంటేనే చివరి మడికి నీరు చేరుతుంది. సెప్సిస్‌లో రక్తనాళాలు సడలి వెడల్పవుతాయి. పారుదలలో ఒత్తిడి తగ్గిపోతుంది. రక్తపోటు పడిపోవడమంటే అది. సన్నని నాళాల గోడలలోనుంచి ద్రవం పక్కలకు ఊరిపోతుంది. అందుకే రోగి ఒళ్లు ఉబ్బి కనిపిస్తున్నా నాళాలలో ద్రవం చాలదు. అదే సమయంలో అతిసూక్ష్మమైన నాళాలలో రక్తం చిన్నచిన్న గడ్డలు కట్టి పిల్లకాలువలను పూడ్చివేస్తుంది. ఇంకొక చిత్రమున్నది. చేరిన ప్రాణవాయువునైనా కణాలు సరిగా వాడుకొనలేవు. నీరు అందినా పైరు తాగలేని స్థితి అన్నమాట. అప్పుడు మూత్రపిండాలు వడపోత తగ్గిస్తాయి, ఊపిరితిత్తులలో ద్రవం చేరి ఆయాసం పుడుతుంది, కాలేయం చెడితే కళ్లు పచ్చబడతాయి, మెదడు మసకబారుతుంది. వేలి పుండుకూ మూత్రపిండానికీ సంబంధం ఈ కాలువలే.

చరకసంహిత చికిత్సాస్థానంలో మూడవ అధ్యాయం జ్వర చికిత్స. అందులో సన్నిపాత జ్వరానికి చెప్పిన లక్షణాలను చిన్ననాడు వల్లె వేశాను. క్షణంలో దాహం, క్షణంలో చలి. మగత, పలవరింత, శ్వాస. మలమూత్రాలు ఆలస్యంగా, కొద్దికొద్దిగా రావడం. మన ఇళ్లలో పెద్దలు "సన్ని కమ్మింది" అనేవారు. సన్నిపాతమూ సెప్సిసూ ఒకటేనని నేననను. అన్నీ మనవారికి ముందే తెలుసుననే వాదం నాకు రుచించదు. సూక్ష్మజీవిని చంపే మందు ఈ కాలపు ప్రసాదం. కాని వారి చూపును మెచ్చుకొనక తప్పదు. హృదయం, శిరస్సు, వస్తి ఈ మూడూ ప్రధాన మర్మములని చరకుడు సిద్ధిస్థానంలో ప్రత్యేకంగా చెప్పాడు. నేటి వైద్యుడు రోగి మంచం దగ్గర మొదట చూసేవీ దాదాపు అవే: రక్తపోటు ఎంత, తెలివి ఎట్లున్నది, మూత్రం ఎంత వచ్చింది. దానికి తోడు శ్వాస. పెద్దవారిలో నిమిషానికి 22 సార్లు, అంతకు మించి ఊపిరి తీస్తుంటే అది ప్రమాద సూచన.

ఇది ఎక్కడో జరిగే వింత కాదు. 2017లో ప్రపంచంలో 4 కోట్ల 89 లక్షల మందికి సెప్సిస్ వచ్చిందనీ, 1 కోటి 10 లక్షల మంది ఆ కారణంగా మరణించారనీ పరిశోధకుల అంచనా. అంటే ప్రతి అయిదు మరణాలలో ఇంచుమించు ఒకటి. మన పక్కనున్న చిత్తూరు ప్రాంతంలో స్క్రబ్ టైఫస్ అనే జ్వరం కనబడుతూనే ఉన్నది. పొదలలో, గడ్డిలో ఉండే కంటికానని పురుగు కుట్టడం వల్ల వస్తుంది. కుట్టినచోట నల్లని చెక్కు కట్టిన మచ్చ కొందరిలో కనిపిస్తుంది. చంకలో, గజ్జలో, నడుము వద్ద దాగి ఉంటుంది గనుక వెతికితే గాని తెలియదు. దానికి డాక్సీసైక్లిన్ అనే చౌక మందు ఉన్నది. వేళకు పడకపోతే ఈ జ్వరమూ ఊపిరితిత్తులను, మూత్రపిండాలను, మెదడును పట్టుకొంటుంది. పశువులు కాచేవారు, చేనిలో కలుపు తీసేవారు జ్వరం వస్తే ఆ పని సంగతి వైద్యునికి చెప్పాలి.

ఇక నేను చెప్పదలచిన అసలు మాట. జ్వరంతో ఉన్న ముసలాయన సంబంధం లేని మాటలు మాట్లాడితే గాలి సోకిందని తాయెత్తుకు పరుగెత్తుతున్నారు. అమావాస్య పోనీ అంటున్నారు, రాహుకాలం దాటనీ అంటున్నారు. పంచాంగం చూడడం నా వృత్తి. ఆ అధికారంతోనే చెబుతున్నాను, ప్రాణాపాయంలో ప్రయాణానికి ముహూర్తం అడగవద్దు. అట్లా అడిగితే నేను పంచాంగం తెరవను. రక్తపోటు పడిపోయిన రోగికి గంటలోపల సూక్ష్మజీవినాశక మందు నరంలో పడాలని వైద్యుల నియమం. తనకల్లు నుంచి కదిరికి, అవసరమైతే అక్కడినుంచి బత్తలపల్లికో అనంతపురానికో చేరేసరికే ఎంత కాలం గడుస్తుందో మీరే లెక్కించండి. 2005 నుంచి మన రాష్ట్రంలో 108 వాహనం ఉన్నది. జపం మేము ఇక్కడ చేస్తూనే ఉంటాము. మీరు బండి ఎక్కండి.

ఆసుపత్రిలో సెలైను, మందులు, ప్రాణవాయువు, కొందరికి శ్వాసయంత్రం, డయాలిసిస్ అవసరమవుతాయి. డయాలిసిస్ అనగానే మూత్రపిండాలు శాశ్వతంగా పోయాయని కుప్పకూలవద్దు. సెప్సిస్ తగ్గిన తరువాత చాలామందిలో అవి తిరిగి కోలుకొంటాయి. ఇంటికి వచ్చిన తరువాత నీరసం, మరపు, నిద్రలేమి నెలల తరబడి ఉండవచ్చు. ఆ మనిషిని సోమరి అనకండి.

ఫాల్గుణంలో కదిరి నరసింహస్వామి బ్రహ్మోత్సవాలకు కాలినడకన పోయేవారికి ఒక మనవి. మధుమేహమున్నవారి పాదాలకు స్పర్శ తగ్గి ఉంటుంది, ముల్లు గుచ్చుకొన్నా తెలియదు. ఆలయద్వారం వరకు చెప్పులు వేసుకొనే నడవండి. దర్శనమైన తరువాత పాదాల అడుగుభాగం, వేళ్ల సందులు ఇంకొకరిచేత చూపించుకోండి. పుండు కనిపించి, దానితోపాటు చలిజ్వరం, ఆయాసం ఉంటే వైద్యుని ఎదుట ఈ రెండు సంగతులు అడగకముందే చెప్పండి: చివరిసారి మూత్రం ఎప్పుడు వచ్చింది, మాటలో తేడా ఏ వేళనుంచి కనబడింది.