పని చేసేవాళ్లను అడిగి చూడాలి

ఇవాళ పట్టాలు అందుకున్న జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పిల్లలకు అభినందనలు. వెనక వరుసల్లో కూర్చుని వాళ్లకన్నా ఎక్కువ సంబరపడుతున్న తల్లిదండ్రులకు ఇంకో రెండు ఎక్కువ.

ఈ హాలు దాటి వెళ్లే పట్టభద్రుల్లో చాలామందికి దారి ముందే ఖరారైంది. హైదరాబాద్ అశోక్‌నగర్‌లో ఒక గది, గ్రూప్స్ కోచింగ్, నోటిఫికేషన్ కోసం ఎదురుచూపు. అందులో తప్పేమీ లేదు. చిత్రమేమిటంటే, నాయబ్ తహసీల్దార్ కావాలని రాత్రింబవళ్లు చదివే పిల్లవాడు తన మండలాఫీసులో ఆ కుర్చీలో ఉన్న మనిషితో ఒక్కసారైనా పావుగంట మాట్లాడి ఉండడు. సిలబస్ అంతా నోటికి వచ్చు. కొలువులో చేరాక సోమవారం ప్రజావాణి రోజు ఎట్లా గడుస్తుందో మాత్రం తెలియదు.

అదే వాడకట్టులో పెద్దగా చదువుకోని కుర్రాడు గల్ఫ్‌కు పోవాలనుకుంటే వ్యవహారం వేరేగా ఉంటుంది. దుబాయ్ నుంచి సెలవు మీద ఎవరొచ్చారో వాకబు చేస్తాడు. సాయంత్రం వాళ్లింటికి పోయి అరుగు మీద కూర్చుంటాడు. "అన్నా, కంపెనీ వీసానా, ఆజాద్ వీసానా? రూముల ఎంతమంది ఉంటరు? తిండి కంపెనీదేనా, మనదేనా? ఓటీ పైసలు సక్కగ ఇస్తరా?" అని ఒక్కొక్కటే అడుగుతాడు. చట్టం ప్రకారం రిజిస్టరైన ఏజెంటు తీసుకోగల సర్వీసు చార్జీ 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ. అంతకుమించి అడిగితే అనుమానించాలన్న సంగతి కూడా అక్కడే తెలుస్తుంది. ఇవేవీ అడగకుండా ఏజెంటు మాట పట్టుకుని పోయి, కాగితాలు లేని ఖల్లివెల్లిగా మిగిలినవాళ్ల కథలు ఈ మూడు పట్టణాల చుట్టుపక్కల ప్రతి ఊరికీ తెలుసు. అందుకే ఇక్కడ అడగడం అలవాటైంది. డిగ్రీ చేతికొచ్చేసరికి ఆ అలవాటు పోతోంది, బహుశా మొహమాటం వల్ల.

అమెరికాలో ఈ అడగడాన్నే ఒక పద్ధతిగా రాసిపెట్టినవాడు రిచర్డ్ బోల్స్. శాన్‌ఫ్రాన్సిస్కోలో చర్చి ఉద్యోగం పోయిన మతాచార్యుడు. తనలాగే కొలువులు పోతున్నవారి కోసం 1970లో సొంత ఖర్చుతో ఒక పుస్తకం అచ్చు వేశాడు. ఉద్యోగం ఇమ్మని అడగవద్దు, ఉద్యోగం గురించి అడగండి అన్నది అందులో ముఖ్యమైన సలహా. 1973లో మార్క్ గ్రానోవెటర్ అనే సామాజికశాస్త్రవేత్త ఇంకో విషయం బయటపెట్టాడు. మసాచుసెట్స్‌లోని న్యూటన్ పట్టణంలో తెలిసినవారి ద్వారా ఉద్యోగం దొరికినవాళ్లను విచారిస్తే, ఆ తెలిసినవారిని తరచుగా కలుస్తుండేవాళ్లు ఆరుగురిలో ఒక్కరే. మిగతావాళ్లకు కబురు అందించింది అప్పుడప్పుడూ, ఎప్పుడో ఒకసారీ కనపడే మనుషులే. కారణం పెద్ద రహస్యమేమీ కాదు. దగ్గరి దోస్తులకు తెలిసినవి మనకూ తెలిసినవే అయి ఉంటాయి.

వృత్తి చదువుల్లో ఈ అడగడాన్ని సిలబస్‌లోనే చేర్చారు. జగిత్యాల దగ్గరి పొలాసలో వ్యవసాయ డిగ్రీ చదివేవాళ్లు చివరి ఏడాదిలో ఊళ్లలో రైతుల దగ్గర ఉండి పని నేర్చుకుంటారు. కోరుట్ల పశువైద్య కళాశాలలో ఐదున్నరేళ్ల చదువు ఉంటే అందులో ఏడాది ఇంటర్న్‌షిప్పే. రాత్రిపూట ఈనలేక అల్లాడుతున్న గేదె దగ్గరికి ఒకసారి పోయివచ్చాక, ఆ వృత్తి తనకు పడుతుందో లేదో ఎవరూ చెప్పనక్కర్లేదు. బీఏ, బీకాం, బీఎస్సీ వాళ్లకు ఆ అవకాశం అంతగా లేదు. వాళ్లు తమంతట తామే వెళ్లి తలుపు తట్టాలి.

తట్టడానికి తలుపులు దూరంగా లేవు. పొలాస పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన జగిత్యాల సన్నాలు వరి ఎట్లా పుట్టిందో చూడండి. సన్నబియ్యానికి పేరుపడ్డ సాంబ మసూరి ఒకవైపు, ఉల్లికోడును తట్టుకునే కావ్య ఇంకోవైపు. ఈ రెంటినీ సంకరం చేశారు. సంకరం అంటే ప్రయోగశాలలో మీట నొక్కడం కాదు. పూత విచ్చకముందే ఒక్కో గింజ కొన కత్తిరించి, లోపలి పుప్పొడి తిత్తుల్ని సన్నటి పట్టకారుతో తీసేసి, కంకికి సంచి తొడిగి, ఆ తర్వాత రెండో రకం పుప్పొడి దులపాలి. అక్కడి నుంచి రకం విడుదలయ్యేదాకా సుమారు పదేళ్లు పడుతుంది. బోటనీ పట్టా పుచ్చుకుని పరిశోధనలోకి పోవాలనుకునే అమ్మాయి అక్కడి శాస్త్రవేత్తను అడగాల్సింది జీతం ఎంతని కాదు. "ఏడేళ్లు పెంచినంక పనికిరాదని పక్కనపెట్టిన రకాలు ఎన్ని సార్?" అని. ఆ జవాబు వింటూ ఉంటే తనలో ఉత్సాహం నిలబడిందో లేదో ఆమెకే అర్థమవుతుంది.

సిరిసిల్ల పిల్లల ఇబ్బంది వేరు. సాంచాల, అంటే మరమగ్గాల, చప్పుడు వింటూ పెరిగారు కాబట్టి అంతా తెలుసనుకుంటారు. నిజానికి ఆ చప్పుడు వెనక ఎన్ని కొలువులు! వార్పిన్ పోసేవారు, వైపని చేసేవారు, కండెలు చుట్టేవారు, రంగులు అద్దేవారు, యజమాని దగ్గర నూలు తెచ్చుకుని సాంచాలు నడిపించే ఆసాములు. పెద్దూరు అపారెల్ పార్కులో కుట్టుపని. నూలు లెక్కలు, జీఎస్టీ రిటర్నులు చూసే బీకాం కుర్రాళ్లు. పైగా ఊరికి కరెంటు పంచేది 1970 నుంచి సహకార సంఘం 'సెస్'. ఇట్లాంటిది దేశంలోనే అరుదు. ఇన్ని చోట్ల ఏ ఒక్క చోటా పావుగంట కూర్చోకుండానే 'ఇక్కడేముంది' అని బస్సెక్కడం తొందరపాటు.

అయితే ఆసామిని సరైన ప్రశ్న అడగాలి. "వ్యాపారం ఎట్లుంది కాకా?" అంటే "ఏదో నడుస్తంది బిడ్డా" అంటాడు, అంతే. "ఏ నెలల సాంచాలు బందుంటయి? బట్ట ఇచ్చినంక ఎన్ని రోజులకు పైసలొస్తయి?" అంటే అప్పుడు లోపలి సంగతి బయటికి వస్తుంది. 2017లో ప్రభుత్వ బతుకమ్మ చీరల ఆర్డరుతో సిరిసిల్లకు చేతినిండా పని దొరికింది. 2024లో ఆ చీరలు ఆగిపోయాయి, షెడ్లు మూగబోయాయి. ఒకే కొనుగోలుదారు మీద ఆధారపడిన పరిశ్రమ ఎంత పెళుసో చెప్పడానికి ఎకనామిక్స్ పుస్తకం కన్నా ఆ ఆసామి లెక్కల చిట్టా మేలు. నెలలో ఎన్ని రోజులు పని దొరుకుతుందన్న ప్రశ్న విలువ బీడీలు చుట్టి పిల్లల్ని చదివించిన తల్లులకు బాగా తెలుసు. కాబట్టి కొందరు మొదటి ఇంటర్వ్యూ తల్లితో వంటింట్లోనే చేయవచ్చు.

పేరుపడ్డవారి వెంటే పడడం ఇంకో పొరపాటు. సిరిసిల్ల నేతన్న వెల్ది హరిప్రసాద్ జీ-20 చిహ్నాన్ని మగ్గం మీద నేసి పంపితే, 2022 నవంబరులో ప్రధాని 'మన్ కీ బాత్'లో ఆయన ప్రస్తావన తెచ్చారు. అది ఊరికి గర్వకారణమే. కానీ గెలుపు కథలో రోజువారీ పని కనపడదు. మామూలుగా పదేళ్లు చేసినవారినీ, విసిగి మానేసినవారినీ కలవాలి. మానేసినవారు చేదుగా చెబుతారు, కాబట్టి వారి మాట ఒక్కటే పట్టుకోకూడదు; ఇద్దరు ముగ్గురి మాటలు పక్కపక్కన పెట్టి చూసుకోవాలి. బయోడేటా జేబులోనే ఉంచుకోవాలి. అది బయటికి తీయగానే ఎదుటి మనిషి మాట మారిపోతుంది. లేచి వచ్చే ముందు "ఇంకెవరిని కలిస్తే బాగుంటది సార్?" అని ఒక పేరు అడిగి రావాలి.

కసురుకునేవారూ ఉంటారు, పని వేళల్లో పోతే మరీను. బ్యాంకులో పన్నెండు గంటలకు, పశువైద్యశాలలో పొద్దున్నే పోతే ఎవరికి తీరిక? ముందుగా ఫోన్ చేసి పావుగంట అడిగితే కాదనేవారు తక్కువ.

చివరగా ఒక విన్నపం, అధ్యాపకులకు. ఈ కాలేజీలో చదివి వెళ్లినవాళ్లు ఎక్కడెక్కడ ఏ పనుల్లో ఉన్నారో, జూనియర్లతో మాట్లాడడానికి ఎవరు ఒప్పుకుంటారో వాళ్లనే అడిగి ఒక రిజిస్టర్లో రాయించవచ్చు. ఇవాళ పట్టా పుచ్చుకున్నవారు వెళ్లేముందు అందులో తమ పేర్లు రాసి పోతే, వచ్చే ఏడాది బ్యాచ్‌కు మొదటి ఫోన్ నంబర్లు దొరుకుతాయి.